ఊపిరి తీసుకునే చక్రం

"కర్రెన్నా, ఈ ఎండాకాలం నుంచి నీ మెడ మీద కాడి పడదు. పడిందా, నా రెక్కలు రెండూ విరిచి ఈ తొట్టిలో పారెయ్."

ఈ మాట అన్నది ప్రభంజన్ అనే గోరింక. అన్నచోటు నల్లగుట్ట కింది మోటబావి. విన్నది ఆ బావి నీళ్ళు తాగి బతికే జీవాలన్నీ. మాట పూర్తికాగానే తోకలున్నవాళ్ళు తోకలు కొట్టారు, రెక్కలున్నవాళ్ళు రెక్కలు కొట్టారు. ముసలి ఎద్దు కర్రెన్న మాత్రం నెమరు ఆపి, "సరేలే బుడ్డోడా, ముందు ఆ కాడి మీంచి దిగు. మెడ గుంజుతోంది" అన్నాడు.

ఆ బావి ఒకప్పుడు ఒక రైతుది. బోరు వేయించుకున్నాక ఆయన ఇటు తొంగిచూడలేదు. మోట మిగిలింది, తాడు మిగిలింది, కర్రెన్న మిగిలాడు. తెల్లారగానే కర్రెన్న తనంతట తనే వచ్చి కాడి కింద మెడ పెట్టేవాడు. ఏటవాలు దారిలో అతను కిందికి దిగుతుంటే బావిలోంచి తోలు మోట పైకొచ్చి భళ్ళున కాలవలో ఒలికేది. మళ్ళీ మోట నీళ్ళలో మునగాలంటే ఎద్దు వెనకడుగులు వేసుకుంటూ గట్టెక్కాలి. దిగడం తేలిక. ఎక్కడమే ప్రాణం తీసే పని. అందుకే తొట్టిలో నీళ్ళు ఒక్కటే ధారగా పడేవి కావు. భళ్ళున పడేవి, ఆగేవి. భళ్ళున పడేవి, ఆగేవి.

దానికి ప్రతిఫలంగా అక్కడొక కట్టుబాటు ఉండేది. గుక్కెడు నీళ్ళకు గుప్పెడు గడ్డి. తాగినవాడు తేవాలి. కోడి కూడా ముక్కున ఒక పరక పట్టుకొచ్చేది. ఎవరూ ఎవరికీ గుర్తుచేయాల్సిన పనిలేదు.

ప్రభంజన్ పెరిగింది ఆ కర్రెన్న వీపు మీదే. తల్లిని గద్ద తన్నుకుపోయాక ఈ ఈకలు రాని పిల్ల, ఎద్దు మూపురం పక్కన ముడుచుకుని, మెడగంట చప్పుడు వింటూ నిద్రపోయేది. ఎద్దు ఒంటి మీది పిడుదులు ఏరుకు తిని పెద్దదైంది. అప్పుడతని పేరు బుడ్డోడే. రెక్కలొచ్చాక పట్నం వెళ్ళి ఒక గ్రంథాలయం చూరు కింద ఏడాది ఉన్నాడు. కింద మీటింగులు జరిగేవి. గోడల మీద పెద్దక్షరాలు ఉండేవి. గోరింకకు ఒకసారి విన్నది నోట్లోంచి పోదు కదా, అన్నీ పట్టుకుని, పేరు మార్చుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు.

వచ్చిన మొదటి రోజే కర్రెన్న వీపు ఎక్కనన్నాడు.

"ఒకరి వీపు మీద బతకడం దోపిడీ, కర్రెన్నా."

"మరి నా పిడుదులెవరు ఏరుతారురా?"

"వ్యవస్థ మారితే పిడుదులే ఉండవు."

"మారేదాకా?"

దానికి జవాబు గోడ మీద రాసి లేదు.

అయినా అతని కోపం దొంగకోపం కాదు. కర్రెన్న గట్టెక్కేటప్పుడు మోకాళ్ళు వణకడం చూసి అతనికి నిజంగానే కడుపు మండేది. అందుకే నక్క పరంజ్యోతి గుట్ట అవతలి నుంచి, నాలుగు కుండలు కట్టిన పాత బండిచక్రం దొర్లించుకుంటూ వచ్చినప్పుడు, అందరికంటే ముందు ఎగిరి వెళ్ళి ఎదురు నిలిచింది అతనే.

పరంజ్యోతి గొంతు వెన్నపూస. చక్రాన్ని తొట్టికి ఆనించి అందరికీ దణ్ణం పెట్టాడు.

"అయ్యలారా, అమ్మలారా, దీని పేరు నిత్యచక్రం. దీని మీద నీళ్ళు పడితే తిరుగుతుంది. తిరిగితే నీళ్ళు తోడుతుంది. తోడిన నీళ్ళు మళ్ళీ దీని మీదే పడతాయి. పడితే?"

"తిరుగుతుంది!" అన్నారందరూ.

"దీనికి మేత?"

"ఏమో మరి?"

"అక్కర్లేదు. నిద్ర? అక్కర్లేదు. ముసలితనం? రాదు. ఒక్కసారి తోసి వదిలితే మన మునిమనవల దాకా తిరుగుతూనే ఉంటుంది."

ప్రభంజన్ ఒళ్ళు పులకరించింది. ఎద్దు మెడ విడిపించే ఆయుధం తన కళ్ళెదుటే ఉంది.

మేక వీరమ్మ గడ్డి నములుతూ ముందుకొచ్చింది. ఆ మేకకు నోటి దురద ఎక్కువని పేరు.

"పరంజ్యోతీ, నాకో సందేహం. తోడిన నీళ్ళన్నీ చక్రం తిప్పడానికే పోతే నా గొంతులోకి వచ్చేవేవి? నేనో గుక్క తాగితే చక్రానికి ఆ గుక్క తగ్గదూ?"

పరంజ్యోతి వీరమ్మ వైపు చూడనే లేదు. గోరింక వైపు తిరిగాడు. "బాబూ, నువ్వు పట్నంలో ఉండొచ్చినవాడివి. చదువుల మధ్య మసిలినవాడివి. ఇలాంటి ప్రశ్నలకు జవాబు నాకంటే నువ్వే బాగా చెబుతావు."

అంతే. ప్రభంజన్ ఛాతీ రెండింతలైంది. ఎగిరి చక్రం మీద వాలాడు.

"పుట్టబోయే ప్రతి వెలుగునూ చీకటి ఇలాగే నిలదీస్తుంది! శ్రమకు సెలవు! చెమటకు స్వస్తి! కాడి విరగాలి, మెడ నిలవాలి!"

"నాయనా, నేనడిగింది నీళ్ళ సంగతి" అంది వీరమ్మ.

"అనుమానం బానిసల భాష!"

"మేకల భాష కూడానేమోలే. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని గొణుక్కుంటూ ఆమె తొట్టి వెనక్కి వెళ్ళిపోయింది. అందరూ నవ్వారు. ఆమెను చూసే నవ్వారు. ఆ పొద్దునే కాడి మీద నిలబడి గోరింక తన రెక్కల మీద ఒట్టు పెట్టుకున్నాడు.

చక్రం బిగించడానికి పరంజ్యోతి మోటదారి చుట్టూ ఎత్తుగా తాటాకు దడి కట్టించి, పైన కూడా ఆకులు కప్పించాడు. "ఎందుకూ?" అని కోడి రత్తాలు అడిగితే, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మోటలు కుట్టీ తాళ్ళు పేనీ బతికేవాళ్ళకు ఇది తెలిస్తే ఊరుకుంటారా? ఇంతకుముందు నేను చేసిన చక్రాలన్నీ వాళ్ళే విరగ్గొట్టారు. రహస్యం మన ప్రాణం, తల్లీ. అన్నట్టు, ఇరుసుకు కందెన కావాలి. గుడ్డుసొనను మించిన కందెన లేదు. రోజూ మీ కోళ్ళు తలా ఒకటి ఇస్తే..."

"కందెన అంటే ఆముదం కదా?"

"ఆముదం పాతకాలంది."

ప్రభంజన్ తల ఊపాడు. పాతకాలం అన్న మాట వినబడితే చాలు, అతని తల దానంతటదే ఊగేది. గడ్డి కూడా తెమ్మన్నాడు పరంజ్యోతి. తిరిగే చక్రం వేడెక్కుతుందట, పచ్చగడ్డి కప్పాలట. గుప్పెడు గడ్డి అలవాటున్న జనమే కాబట్టి ఎవరికీ అది బరువనిపించలేదు. పెట్టే చేతులు అవే, తెచ్చే గడ్డి అదే. తినేది ఎవరన్న ప్రశ్న ఒక్కటే మాయమైంది.

ఇక కర్రెన్నకు విశ్రాంతి. గుట్ట అవతల పచ్చికలోయ ఉంది, అక్కడ ముసలి పశువులు పడుకుని నెమరేయడం తప్ప మరే పనీ చేయవు, నేనే దగ్గరుండి దిగబెడతాను అన్నాడు పరంజ్యోతి. వీడ్కోలు సభలో ప్రభంజన్ చాలాసేపు మాట్లాడాడు. కర్రెన్న తల వంచుకుని విన్నాడు. బయల్దేరేటప్పుడు మాత్రం ఆగి, "బుడ్డోడా, అప్పుడప్పుడూ వచ్చి కనబడి పోతావా?" అన్నాడు.

"తప్పకుండా, కర్రెన్నా! పనులు కాస్త సర్దుకోగానే."

మర్నాడు దడి వెనక కిర్రుమంది. తొట్టిలో నీళ్ళు పడ్డాయి.

ఆ సంబరం చూసి తీరాల్సిందే. గాడిద పొర్లాడు. దున్నపోతు రంకె వేశాడు. కౌజుపిట్టలు గెంతాయి. ప్రభంజన్ ఏడ్చేశాడు. వీరమ్మ మాత్రం తొట్టి అంచున మూతి ఆనించి, చెవులు నిక్కించి నిలబడిపోయింది.

"ఒరే అబ్బీ, ఇలా రా. విను."

"ఏం వినాలి?"

"నీళ్ళు. చక్రం నీళ్ళయితే ఆగకుండా ధార కట్టాలి. ఇవి భళ్ళున పడుతున్నాయి, ఆగుతున్నాయి. భళ్ళున పడుతున్నాయి, ఆగుతున్నాయి. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ?"

ప్రభంజన్ విన్నాడు. ఒక్క రెప్పపాటు అతని గుండెలో ఏదో కలుక్కుమంది. కానీ చుట్టూ అందరూ తన ముఖమే చూస్తున్నారు. వెంటనే నోటికొచ్చింది.

"యంత్రం ఊపిరి తీసుకుంటోంది!"

ఎంత అందమైన మాట! సాయంత్రానికి అది అందరి నోళ్ళలోకీ ఎక్కింది. కౌజుపిట్టలు పాట కట్టుకున్నాయి. పరంజ్యోతి ఆ మాట విని చాలాసేపు గోరింకను మెచ్చుకోలుగా చూసి, "బాబూ, నాకు తట్టలేదు సుమా" అన్నాడు. అది అబద్ధం కాదు.

ఆ తర్వాత ప్రభంజన్‌కు తీరికేదీ? పొరుగు వాగుల వెంట, చెరువుల వెంట తిరిగి నిత్యచక్రం గురించి చెప్పాలి. పచ్చికలోయకు వెళ్ళాలని పొద్దున అనుకునేవాడు, పొద్దుగూకాక గుర్తుచేసుకునేవాడు. ఒక మధ్యాహ్నం దడి పక్కనుంచి ఎగురుతుంటే పచ్చిపేడ వాసన వచ్చింది. ఆ వాసన అతనికి తెలుసు. కళ్ళు తెరవకముందు నుంచీ తెలుసు. మేత తినని యంత్రం పక్కన పేడ వాసనేమిటని అతని ముక్కు అడిగింది. రెక్కలు మాత్రం ఆగలేదు. మూడో వాగు దగ్గర మీటింగుకు ఆలస్యమవుతోంది.

ఎండలు ముదిరాయి. భళ్ళున పడటానికీ మళ్ళీ భళ్ళున పడటానికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. తొట్టి సగమే నిండుతోంది. జనం గొణిగారు. పరంజ్యోతి బాధగా తల పంకించాడు.

"ఏం చెప్పమంటారు? యంత్రం చాలా సున్నితం. అనుమానపు చూపు సోకితే అలుగుతుంది. ఎవరి చూపో నేను చెప్పను. నాకు ఎవరి మీదా కోపం లేదు."

అతను చెప్పక్కర్లేదు. అందరి కళ్ళూ మేక మీదే పడ్డాయి. తీర్మానం చదివింది ప్రభంజన్. ప్రగతికి అడ్డు నిలిచిన వీరమ్మకు ఈ తొట్టిలో నీళ్ళు లేవు. చదువుతుంటే అతనికి గ్రంథాలయం గోడ మీది మాట ఒకటి గుర్తొచ్చింది: ప్రశ్న లేనిదే ప్రగతి లేదు. దాన్ని గబగబా మింగేశాడు.

వీరమ్మ ఏడవలేదు. పిల్లలను ముందు నడిపించుకుంటూ, "నాకేం, దూరంగా దిగువకుంట ఉంది. ఎండలో నడవాలి, అంతే. నువ్వు మాత్రం ఒక్క పని చెయ్యి అబ్బీ. ఆ పచ్చికలోయకు పోయి కర్రెన్నను ఒక్కసారి చూసి రా. మాకు కాళ్ళే. రెక్కలున్నది నీకు" అంది.

వైశాఖం నడిమికి వచ్చింది. రాళ్ళవాగు నుంచి పెద్దలు వచ్చారు, నిత్యచక్రం తమకూ ఒకటి కావాలని. ముందు ముసలి కోతి, వెనక రెండు గేదెలు, ఒకదాని వీపు మీద పరంజ్యోతికి కానుకగా గుడ్ల బుట్ట. వాళ్ళ ఊళ్ళోనూ ఒక ముసలి దున్న ఉంది. దానికీ విశ్రాంతి ఇప్పించాలని వాళ్ళ కోరిక.

ప్రభంజన్ దడి అంచున నిలబడి మొదలుపెట్టాడు. అంత బాగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. "మిత్రులారా! మీ కళ్ళెదుట పడుతున్నవి నీళ్ళు కావు, స్వేచ్ఛ! ఇక్కడ ఎవరి మెడా ఒరుసుకుపోదు, ఎవరి మోకాలూ వణకదు. వినండి, యంత్రం ఊపిరి..."

టింగ్.

చిన్న చప్పుడు. దడి వెనక నుంచి.

గంటలో కుక్కిన పీచు జారిపోయినట్టుంది. టింగ్. ఆగి, ఇంకొకటి. గట్టెక్కుతూ తూలిపడే మెడ చేసే చప్పుడు. ఆ చప్పుడుకే అతను ఈకలు రాని రోజుల్లో నిద్రపోయేవాడు. లోకంలో వేయి గంటలు ఒక్కసారి మోగినా అతను దాన్ని ఏరగలడు.

ఏరాడు. అన్నీ తెలిసిపోయాయి. తెలిసిపోయాక ఏం చేశాడంటే, గొంతు పెంచాడు.

"శ్రమకు సెలవు! చెమటకు స్వస్తి! అందరూ అనండి! శ్రమకు సెలవు!"

అందరూ అన్నారు. గంట మళ్ళీ మోగింది. అతను ఇంకా గట్టిగా అరిచాడు. గంట వినబడకూడదని అరిచాడు. తను పెరిగిన చప్పుడు మీద తన నినాదాలే కప్పాడు. అలా ఎంతసేపు అరిచేవాడో. నీళ్ళు ఆగాయి. ఈసారి మళ్ళీ పడలేదు. నినాదం ఒక్కటే, ఎండిన తొట్టి మీద, ఒంటరిగా మిగిలింది.

అప్పుడు పైకప్పు ఆకులు చీల్చుకుని లోపలికి దూరాడు.

కుండలు కట్టిన చక్రం గోడకు చేరగిలబడి ఉంది. ఇరుసు లేదు, కందెన లేదు. ఒక మూల గుడ్డుపెంకుల కుప్ప. ఇంకో మూల, వేడెక్కిన యంత్రం మీద కప్పాల్సిన గడ్డి, సగం మేసి ఉంది. ఏటవాలు దారి మధ్యలో కర్రెన్న ముందుకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. కాడి కింద మెడ చిట్లి, పుండు మీద ఈగలు. చెవుల వెనకా డొక్కలోనూ పిడుదులు చింతగింజలంత ఉబ్బి ఉన్నాయి.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని సామెత. ఆ కాకి ఎంతో నయం. అది ఎద్దు మెడ విడిపిస్తానని సభలు పెట్టలేదు.

"ఎవరూ? బుడ్డోడా?" అన్నాడు కర్రెన్న. "వచ్చావా? పనులు సర్దుకున్నాయా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"కర్రెన్నా, నువ్వు... ఎందుకు అరవలేదు? ఒక్క అంబా అంటే దడి కూల్చేవాళ్ళం కదా!"

"యంత్రం ఇంకా కుదురుకోలేదు, కుదురుకునేదాకా లాగమన్నాడు పరంజ్యోతి. ఆ కుదురుకునేది కాదని నాకూ తెలుసులే. కానీ నువ్వు అందరి ముందూ రెక్కల మీద ఒట్టు పెట్టావు కదరా. బయట తెలిస్తే నీ రెక్కలు విరుస్తారన్నాడు. కుర్రాడివి, మాట పోతే మళ్ళీ తల ఎత్తలేవని..." కర్రెన్న దగ్గాడు. "నువ్వు అరుస్తుంటే వింటూ ఉండేవాణ్ణి. గొంతు బాగా సాగింది నీకు."

ప్రభంజన్ ముక్కు తెరిచాడు. ఏడాది పాటు గోడల మీంచి ఏరుకొచ్చిన మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు. రెక్కలు రెండూ విప్పి ఎద్దు గిట్టల ముందు పరిచాడు.

"తొక్కెయ్."

"ఛీ, లే. అవి విరిగితే నా పిడుదులెవరు ఏరుతారు?"

అతను లేచాడు. చాలా రోజుల తర్వాత ఆ వీపు ఎక్కాడు. చెవి వెనక నుంచి మొదలుపెట్టాడు.

ఈలోగా బయటివాళ్ళ తోపులాటకు దడి పడిపోయింది. అందరూ లోపలికి తొంగిచూశారు. పరంజ్యోతి అప్పటికే రాళ్ళవాగు వాళ్ళ గుడ్లబుట్ట నోట కరుచుకుని గుట్ట మొదట్లో ఉన్నాడు. బుట్ట కింద పెట్టి ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "ఇంకో వారం ఆగి ఉంటే చక్రం దానంతట అదే తిరిగేది! మీ తొందర వల్ల లోకం ఎంత నష్టపోయిందో మీకు తెలియదు!" అని, మళ్ళీ బుట్ట అందుకుని పొదల్లోకి జారుకున్నాడు. వింత ఏమిటంటే, ఆ మాటకు కూడా ఒకరిద్దరు నిట్టూర్చారు.

మిగతావాళ్ళ నోళ్ళు లేచాయి.

"నాకు మొదటి రోజే అనుమానం" అంది రత్తాలు.

"నాకైతే వాసనే వచ్చింది" అన్నాడు గాడిద.

"మేం అడుగుదామనే అనుకున్నాం. ఆ గోరింక అడగనిస్తేగా!" అన్నాయి కౌజుపిట్టలు.

గోరింక తల ఎత్తలేదు. ఆ చివరి మాట నిజం. అంతకుముందు రెండూ నిజమైతే ఇంకా ఘోరం.

నీళ్ళు లేవు. దాహం ఆగదు. అందరూ కలిసి ఎండలో దిగువకుంటకు నడవాల్సి వచ్చింది. దారి తెలిసింది వెలివేసిన వీరమ్మకు ఒక్కదానికే. ప్రభంజన్ ముందుగా ఎగిరి వెళ్ళి ఆమె ముందు వాలాడు. తల వంచి, "వీరమ్మత్తా..." అన్నాడు.

వీరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "లోయకు వెళ్ళొచ్చావా?"

"లోయ లేదత్తా."

"నాకు తెలుసు. నీకు తెలియాలనే వెళ్ళి చూడమన్నా." పిల్లలను పక్కకు జరిపి కుంటవైపు దారి ఇచ్చింది. "ముందు ఆ ఎద్దును పట్టుకు రండి. అతను తాగాక మీరు."

కర్రెన్న తాగాడు. అతను తాగినంతసేపూ ఎవరూ నీళ్ళలో మూతి పెట్టలేదు. అలా నిలబడి ఎదురుచూడటం వాళ్ళకు అదే మొదటిసారి. ముఖాలు ఎటు తిప్పుకోవాలో ఎవరికీ తోచలేదు. ఏ వైపు తిప్పినా కుంట నీళ్ళలో అవే ముఖాలు.

దిగువకుంట జ్యేష్ఠం దాటి నిలవదు. ఆ తర్వాత మళ్ళీ మోటబావే గతి. మోట కదలాలంటే ఎవరో ఒకరు మెడ పెట్టాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే గాడిద కాలు ఈడ్చడం మొదలుపెట్టాడు, దున్నపోతుకు హఠాత్తుగా నడుము పట్టేసింది, ఒకరిద్దరు పక్క ఊళ్ళో ఇంకో నక్క ఇంకో మంచి చక్రం చేస్తున్నాడట అని మెల్లగా అనుకోసాగారు.

అది విన్నాక ప్రభంజన్ కర్రెన్న మూపురం మీద నిలబడ్డాడు. ఈసారి గొంతు పెంచలేదు.

"నా దగ్గర నినాదం లేదు. ఒక మాట, ఒక ప్రశ్న ఉన్నాయి. మేత అడగకుండా తిరిగే చక్రం లేదు, తిప్పేవాణ్ణి చూడని కళ్ళే ఉన్నాయి. మొదటి గుడ్డికళ్ళు నావి. అందుకే దారిలో ముళ్ళు ఏరడం, కాడి కింద మెడలకు పిడుదులు తీయడం, రోజూ నా పని. ఇక ప్రశ్న. కర్రెన్న మెడ మీద మళ్ళీ కాడి పడదు. గాడిదా, దున్నపోతూ, మిగతా మెడలున్న వాళ్ళందరూ, ఎవరి వంతు ఏ రోజో నాకు చెప్పండి. నడుము నొప్పులూ పక్క ఊరి చక్రాలూ నాకొద్దు. ఎద్దులకు కొమ్ములు కడిగి పసుపు పూసే ఏరువాక పున్నమి వస్తోంది. ఆ పున్నమి పొద్దుగూకేలోగా, ఇదే కర్రెన్న ముఖం చూసి, జవాబు చెప్పండి."